రచ్చ గెలిచిన బడే మియా

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చిందంటే దాని వేడి మన పడమటి మండలాలకు కూడా తగులుతుంది. మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఏ వీధిలో చూసినా మెస్సీ పేరున్న చొక్కా ఒకటి, రొనాల్డో పేరున్న చొక్కా ఒకటి ఎదురుపడతాయి. జుమా నమాజు ముగించుకొని బయటికొచ్చిన కుర్రకారు టీ అంగడి దగ్గర చేరి ఎవరు గొప్ప ఆటగాడని వాదించుకుంటారు. వాదించుకోవడంలో తప్పు లేదు. ఆ వయసులో మన పెద్దలు కూడా అజహరుద్దీన్ గొప్పా, గవాస్కర్ గొప్పా అని గొంతులు చించుకున్నవాళ్లే. కాకపోతే ఈనాటి వాదన తెగే పద్ధతి వేరు. ఎవరు ఎలాంటి జట్టు మీద ఎలాంటి ఆట ఆడారన్న లెక్క వెనక్కి పోయింది. సెల్‌ఫోను తీసి, ఎవరి వెనుక ఎన్ని కోట్ల మంది అభిమానులున్నారో చూపిస్తే చాలు, వాదన ముగిసినట్టే.

ఈ వాదనల్లో మన పిల్లల నోట తరచుగా వినిపించే జర్మనీ పేరు ఒకటుంది. మెసుట్ ఓజిల్. 'మనవాడు' అంటారు. ఆట మొదలయ్యే ముందు మైదానంలో నిలబడి అరచేతులు పైకెత్తి దుఆ చేసేవాడు గనుక మనవాడన్నమాట. ఆ అభిమానాన్ని మేము కాదనడం లేదు. కానీ ఆ ఆటగాడి కథ మొత్తం తెలుసుకుంటే, జనాదరణ అనే మాటకు అర్థం ఏమిటో మన పిల్లలు ఒకసారి ఆగి ఆలోచిస్తారని మా ఆశ.

ఓజిల్ 1988లో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్ అనే పారిశ్రామిక పట్టణంలో పుట్టాడు. తాతల కాలంలో టర్కీ నుంచి కూలి పనికి వలస వచ్చిన కుటుంబం. జర్మనీ జట్టు తరఫున 92 ఆటలు ఆడి 23 గోల్స్ చేశాడు. 2014లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. ముల్లర్, నోయర్, లామ్, ష్వైన్‌స్టైగర్ వంటి హేమాహేమీలు ఆడుతున్న కాలమది. వారందరి మధ్య, ఆ దేశపు అభిమానులు ఓట్లు వేసి ఆ ఏటి జాతీయ జట్టు మేటి ఆటగాడిగా ఓజిల్‌ను ఐదుసార్లు ఎన్నుకున్నారు: 2011, 2012, 2013, 2015, 2016. ఒక వలస కుటుంబం బిడ్డకు పుట్టిన దేశంలో ఇంతకంటే ఆదరణ ఏం కావాలి?

రెండేళ్లు తిరగలేదు. 2018 మేలో లండన్‌లో టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌తో ఓజిల్ ఫొటో దిగాడు. అక్కడ ఎన్నికలు దగ్గరపడిన సమయం. జర్మనీలో పెద్ద దుమారం లేచింది. ఆ వెనువెంటనే రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో జర్మనీ మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది. మెక్సికో చేతిలో ఓడింది, స్వీడన్‌పై గెలిచింది, దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. పదకొండు మంది కలిసి ఓడిన ఆటకు నింద ఒక్కడి నెత్తిన పడింది. ఆ నింద ఆటతో ఆగకుండా పేరు, పుట్టుక, వంశం దాకా పోయింది. జూలై 22న ఓజిల్ జాతీయ జట్టుకు రాజీనామా ప్రకటించాడు. గెలిస్తే తనను జర్మన్ అంటున్నారని, ఓడితే వలసవాడిని చేస్తున్నారని వాపోయాడు. జట్టులో జాతివివక్ష లేనేలేదని తోటి ఆటగాడు టోనీ క్రూస్ ఆ ఆరోపణను కొట్టిపారేశాడు. జర్మనీ ఫుట్‌బాల్ సంఘం కూడా అంగీకరించలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎన్నికల ముందు ఒక దేశాధినేతతో ఫొటో దిగితే దాన్ని విమర్శించే హక్కు జనానికి ఉంటుంది. ఆ ఫొటో తెలివైన పని కాదనే మేము కూడా అంటాం. 2025 ఫిబ్రవరిలో ఓజిల్ ఎర్దోగాన్ పార్టీ కేంద్ర మండలిలో చేరిపోవడంతో ఆనాటి విమర్శకులు తాము చెప్పిందే నిజమైందనుకున్నారు. అనుకోనివ్వండి. ఒకడి రాజకీయాన్ని తప్పుపట్టడం వేరు, కొరియాతో ఓడినందుకు వాడి తాత ఏ ఊరివాడని తవ్వడం వేరు. మొదటిది విమర్శ. రెండో దానికి మన భాషలో మంచి మాట లేదు.

అదే ఫొటోలో ఇంకొక ఆటగాడు కూడా ఉన్నాడన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఇల్కాయ్ గుండోగాన్. అదే గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టాడు. అతనిదీ టర్కీ నుంచి వచ్చిన కుటుంబమే. 2018 జూన్‌లో సౌదీ అరేబియాతో ఆట జరుగుతుంటే సొంత దేశపు ప్రేక్షకులే అతన్ని ఈలలు వేసి గేలి చేశారు. గుండోగాన్ తన సంజాయిషీ చెప్పుకొని, ఆడుతూ పోయాడు. 2023లో జర్మనీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 2024లో యూరో పోటీలు జర్మనీ గడ్డమీదే జరిగినప్పుడు జట్టును నడిపించింది అతనే. ఊరు ఒకటే, వలస చరిత్ర ఒకటే, ఫొటో కూడా ఒకటే. ఒకరు వెళ్లిపోయారు, ఒకరు నిలబడ్డారు. వెళ్లిపోయినవాడు పిరికివాడనీ, ఉండిపోయినవాడు తలవంచాడనీ ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం మనకు తగదు. అయినా మన టీ అంగళ్లలో గుండోగాన్ పేరు అంతగా వినబడదు. గాయపడి వెళ్లినవాడి కథకున్న గిరాకీ, ఓర్చుకొని పనిచేసుకున్నవాడి కథకు లేదు. ఇది కూడా గమనించవలసిన విషయమే.

మదనపల్లె మార్కెట్ యార్డు ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. 2023 జూలైలో టమోటా కిలో వంద రూపాయలు దాటి ఎగబాకినప్పుడు పండించిన రైతును వెతుక్కుంటూ వచ్చారు. అడిగే దిక్కులేక అదే టమోటాను రోడ్డు పక్కన పారబోసి ఇంటికి పోయిన రోజులూ ఆ రైతే చూశాడు. పండు అదే, పొలం అదే, పడిన కష్టమూ అదే. మండీలో వేలం పాట పలికేది పండు రుచిని కాదు, ఆ పూట గిరాకీని. జనాదరణ ధర కూడా అలా పలికేదే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఓజిల్ ఇంటా రచ్చా గెలిచి, చివరికి ఇంట ఓడాడు. దీనికి తలకిందులుగా నడిచిన కథ ఒకటి మన తెలుగు నేలమీదే ఉంది. రచ్చ గెలిచి, ఇంటివాళ్లకు తెలియకుండానే ఉండిపోయిన ఆటగాడి కథ. ఆయన పేరు మహమ్మద్ హబీబ్. మెస్సీ చొక్కా తొడుక్కున్న మన పిల్లవాణ్ణి ఆపి ఈ పేరు అడిగి చూడండి. వాడి నాన్ననూ అడిగి చూడండి.

హబీబ్ 1949లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆ ఇంట్లో అన్నదమ్ములు చాలామంది ఫుట్‌బాల్ ఆడినవారే. 1966లో, మీసం కూడా సరిగా రాని వయసులో, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. ఆనాటి కలకత్తాలో ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ సాయంత్రం బజారులో ఇలిష్ చేపకు, అంటే మన గోదావరి పులసకు, గిరాకీ పెరుగుతుంది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు. రెండు క్లబ్బుల అభిమానులు ఒకే ఇంట్లో ఉంటే ఆ పూట ఆ ఇంట్లో మాటలుండవు. అలాంటి ఊళ్లో, ఆ భాష రాని ఒక హైదరాబాదీ కుర్రాడు అడుగుపెట్టాడు. ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు, మోహన్ బగాన్‌కు ఆడారు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. రెండు దశాబ్దాలకు కాస్త తక్కువగా అక్కడే ఆడారు. ఎవరి పక్షాన ఆడినా ఎదుటి పక్షం అభిమానులు కూడా ఆయన్ను 'బడే మియా' అనే పిలిచారు. తమ్ముడు అక్బర్ 'ఛోటే మియా'. 1976లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడిన ఆటలో ఈ ఛోటే మియా మొదటి 17 సెకన్లలోనే గోల్ కొట్టి మోహన్ బగాన్‌ను గెలిపించిన సంగతి కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హబీబ్ భారీ మనిషి కాదు. బంతి ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తి, పోరాడి, లాక్కొని, తోటివాడికి అందించే ఆట ఆయనది. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికలో వస్తుంది, అంతకుముందు బంతి లాక్కొచ్చినవాడి పేరు రాదు. అయినా కలకత్తా జనం ఆ చాకిరీని కళ్లారా చూశారు, గుర్తుపెట్టుకున్నారు.

1977 సెప్టెంబరు 24న వానకు తడిసిన ఈడెన్ గార్డెన్స్‌లో న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ ఆడింది. ఆ కాస్మోస్‌లో ఉన్నది సాక్షాత్తూ పెలే. మొదటి గోల్ కాస్మోస్‌దే. శ్యామ్ థాపా దాన్ని సమం చేశాడు. ఆపై మోహన్ బగాన్‌ను 2-1తో ముందుకు తీసుకుపోయిన గోల్ మన హబీబ్‌ది. చివరికి ఒక పెనాల్టీతో కాస్మోస్ గండం గట్టెక్కి ఆట 2-2తో ముగిసింది. పెలే ఆడిన జట్టుమీద గోల్ కొట్టిన హైదరాబాదీ ఒకాయన ఉన్నారని మన ఇళ్లల్లో ఎవరైనా ఎవరికైనా చెప్పారా?

ఇంకొక సంగతి కూడా గమనార్హం. ఆ కాలంలో ఆటగాళ్లు రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం చూసుకొని, ఆ నీడన ఆడుకునేవారు. మహా ఆటగాడు పి.కె. బెనర్జీ కూడా ఈస్టర్న్ రైల్వే మనిషే. హబీబ్ ఉద్యోగం వద్దనుకున్నారు. ఆటే నా పని అన్నారు. అందుకే ఆయన్ను మన దేశపు తొలి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. సర్కారీ నౌకరీ కాదని బంతి పట్టుకు తిరుగుతానని మన ఇంట్లో ఒక పిల్లవాడు అంటే అమ్మీ, అబ్బా ఏమంటారో వేరే చెప్పాలా?

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో హబీబ్ ఉన్నారు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. నయీముద్దీన్‌కు ఆ ఏడాదే అర్జున పురస్కారం అందింది. హబీబ్‌కు 1980లో గానీ రాలేదు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు మాత్రం తన 'భారత్ గౌరవ్' బిరుదునిచ్చి సత్కరించుకుంది. 2023 ఆగస్టు 15న, దేశం జెండా పండుగ చేసుకుంటున్న రోజున, హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు. వయసు 74. చివరి ఏళ్లలో మతిమరుపు జబ్బు ఆయన్ను బాధించింది. ఆయన మరచిపోవడం జబ్బు వల్ల. మనం మరచిపోవడానికి కారణం ఏమిటి?

కారణం వెతకాలంటే హబీబ్ కంటే ముందు తరానికి పోవాలి. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడి పంతులు ఒకాయన ఉండేవారు. అందరికీ రహీం సాబ్. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు సంపాదించి పెట్టింది ఆయనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించిందీ ఆయనే. ఆ మెల్బోర్న్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం అందరూ హైదరాబాద్ బిడ్డలే. మూడు మతాల పేర్లు ఒకే వరుసలో ఉన్నాయి చూడండి. రహీం సాబ్ జట్టు కట్టినప్పుడు ఎవరు ఏ గుడికి, ఏ మసీదుకు పోతారని అడిగినట్టు ఎక్కడా లేదు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాతో జరిగిన ఆఖరి ఆటలో లక్షమంది ప్రేక్షకులు భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేశారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను క్రీడలకు రానివ్వనందుకు మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనమీద కోపంగా ఉన్నారు. మన జాతీయ గీతం వినిపించినప్పుడు కూడా గేలి చేశారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మన మదనపల్లె బీటీ కాలేజీలో బసచేసి ఇంగ్లీషులోకి మార్చిన ఆ జనగణమననే. ఆ గేలి మధ్య మనవాళ్లు 2-1తో గెలిచారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉండి కూడా జట్టును నడిపించిన రహీం సాబ్, ఆ మరుసటేడు 1963 జూన్‌లో వెళ్లిపోయారు. ఆయన గురించి దేశమంతా మాట్లాడుకున్నది 2024లో హిందీ సినిమా 'మైదాన్' వచ్చాక. అంటే అరవై ఏళ్లకు పైచిలుకు తర్వాత.

ఆ జట్టులో ముందు వరుసన ఆడిన ముగ్గురిని కలిపి చెప్పుకోవడం అలవాటు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, మన సికింద్రాబాద్ బలరాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ మొత్తం చేసిన మూడు గోల్స్‌లో రెండు బలరామ్‌వే. హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి. ముగ్గురికీ అర్జున వచ్చింది. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు ఆ పద్మశ్రీ రానేలేదు. ఆరోగ్యం చెడి 1963లోనే ఆట మానుకున్న ఆయన, 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే కన్నుమూశారు. ఆట విషయంలో ఆ ముగ్గురిలో ఎవరు ఎక్కువని అడిగితే పాతవాళ్లు ఇప్పటికీ తేల్చి చెప్పలేరు. కానీ చునీకీ, పి.కె.కూ వెనుక బెంగాల్ ఉంది. వాళ్ల ఆట గురించి వాళ్ల భాషలో రాసేవారున్నారు, తాతలు మనవళ్లకు చెప్పే ఇళ్లున్నాయి. బలరామ్‌కు, హబీబ్‌కు మనం అలా లేకపోయాం. ఇందులో ప్రభుత్వాల తప్పెంతో తర్వాత చూద్దాం, మన ఇళ్లల్లో జరిగింది ఇది.

ఇలా అంటున్నందుకు 'పేరు మనది గనుక హబీబ్‌ను నెత్తిన పెట్టుకోండి' అంటున్నామని పాఠకులు అనుకోవద్దు. అసలు మా భయమే అది. పేరు చూసి ప్రేమించడం అలవాటైతే, పేరు చూసి ద్వేషించేవాణ్ణి తప్పుపట్టే నోరు మనకు మిగలదు. 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో భారత్ పది వికెట్ల తేడాతో ఓడినప్పుడు, పదకొండు మందిలో మహమ్మద్ షమీ ఒక్కణ్ణి ఏరి తిట్టిన తీరు అందరికీ గుర్తుండే ఉంటుంది. మతాన్ని బట్టి మనిషిని తిట్టడం అతి నీచమని కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా ఖండించాడు. ఆ మాట అనడానికి కోహ్లీ వెనకాడలేదు, దానికి మేము అతన్ని అభినందిస్తాం. రెండేళ్ల తర్వాత 2023 ప్రపంచ కప్పులో అదే షమీ సెమీఫైనల్లో న్యూజిలాండ్‌పై ఏడు వికెట్లు తీస్తే, అదే దేశం అతన్ని భుజాన మోసింది. ఓజిల్ అన్న మాట మనకు కొత్తగా వినిపించకపోవడానికి కారణం ఇదే. అయితే కోహ్లీ చేసిన పనిలో మనకూ ఒక వంతు ఉంది. మన వీధిలో వేరే మతం పిల్లవాడు క్యాచ్ వదిలితే మన కుర్రాళ్లు ఏమంటున్నారో పెద్దలు చెవి పెట్టి వినాలి.

కుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయే మన పిల్లలున్నారు. మదనపల్లె, పుంగనూరుల నుంచి కువైట్ పోయి ఏళ్లతరబడి ఉండిపోయే తండ్రులున్నారు. వాళ్లు అక్కడ ఎంత మంచి పనివాళ్లో ఆ ఊళ్లవాళ్లకే తెలుసు. ఇంటివాళ్లకు తెలిసేది నెలనెలా వచ్చే డబ్బు మాత్రమే. హబీబ్ కథ వాళ్లకు వేరే ఎవరి కథలాగానో అనిపించదని మేము అనుకుంటున్నాం.

ఆటస్థలాల సంగతి కూడా ఒక మాట. ఫుట్‌బాల్‌కు కావలసింది ఒక బంతి, కాస్త చదునైన నేల. క్రికెట్‌కు అయ్యే ఖర్చులో పదో వంతు కూడా కాదు. వేసవి సెలవుల్లో మన బడుల మైదానాలకు తాళాలు పడుతున్నాయి. ఆ తాళాలు సాయంత్రం రెండు గంటలపాటు తీయించడం మూడు ఊళ్లలోనూ పెద్దలు పూనుకుంటే అయ్యే పనే. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకు కూడా ఒక పూట కేటాయిస్తే ఇంకా మంచిది.

ఇక మా పాఠకులకు ఒక విన్నపం. డెబ్బయ్యో పడిలో ఉద్యోగరీత్యానో, చదువు కోసమో, వ్యాపారం మీదనో హైదరాబాద్‌లో, బెంగళూరులో, కలకత్తాలో ఉండి హబీబ్, అక్బర్, నయీముద్దీన్, షబ్బీర్ అలీల ఆట కళ్లారా చూసినవారు మన మూడు ఊళ్లలో తప్పకుండా ఉంటారు. ఎనభై దాటినవారైతే బలరామ్‌నూ చూసి ఉండవచ్చు. ఏ ఊళ్లో చూశారు, ఎవరితో కలిసి వెళ్లారు, టికెట్టు ఎంత, ఆ రోజు ఎవరు గెలిచారు అన్నది గుర్తున్నంతవరకు రాసి పంపండి. రాయలేనివారు చెబితే మనవళ్లు రాయవచ్చు. తెలుగులో రాసినా సరే, ఉర్దూలో రాసినా సరే. ఒక్కొక్క శుక్రవారం ఒక్కొక్కటిగా ఇదే పేజీలో వేస్తాం.